సొన చేతులు

నూజివీడు,
ఫిబ్రవరి 11.

అమ్మాయ్ రిబ్కమ్మా,

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఫోను చేసి అడగమంటుంది మీ పిన్ని నాగేంద్రమ్మ. ఫోను చేస్తే నువ్వు చెప్పేది నాకు వినపడదు. వినపడలేదని నువ్వు అరుస్తావు. ఆ అరుపు మా పేటంతా వింటుంది, నేను తప్ప. అందుకని కాగితం తెచ్చుకున్నాను. నాకు అక్షరాలు నేర్పినదానివి నువ్వే కాబట్టి, నా రాత ఎలా ఉన్నా చదువుకునే ఖర్మ కూడా నీదే.

సంగతేంటంటే మన పేట లైబ్రరీకి తాళం వేశారు. నువ్వు రిటైరయి గూడెంలో తమ్ముడింటికి పోయిన దగ్గరనుంచీ ఎప్పుడో బుద్ధి పుట్టినప్పుడు తెరిచేవాళ్ళు. ఇప్పుడు అదీ లేదు. బాగుచేస్తారంట. తోటల కామందు వెంకటకృష్ణారావు కమిటీకి ప్రెసిడెంటు అయ్యాడు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ళెవరో ఖర్చు పెట్టుకుంటున్నారంట. పెంకులు మార్చనీ, గోడలకి రంగులు వెయ్యనీ, నాకేం అభ్యంతరం? కానీ నిన్న మన పొడుగు బల్లని మోసుకొచ్చి బయట ఎండలో పడేశారు.

బల్ల పాతదే. ఒక కాలు పొట్టి, కింద పెంకుముక్క పెట్టాలి. అయినా మధ్యాహ్నం పని దిగి వచ్చిన తోటవాళ్ళందరం దాని చుట్టూనే కదా కూర్చునేది. ఆ నీలం కిటికీ తలుపులు, ఎండ పడే చోట పడుకునే పిల్లి, గుమ్మంలో నువ్వు పెట్టిన కొబ్బరినూనె సీసా, గోనెముక్క. మామిడి సొన అంటిన చేతులు తుడుచుకునే లోపలికి రావాలని నీ రూలు. నేను చెట్టెక్కే వయసు దాటి షెడ్డులో కాయల తొడిమలు తుంచే పనికి దిగాక నా చేతులకి సొన ఇంకా ఎక్కువైంది. తొడిమ తుంచగానే చిమ్ముతుంది కదా. అంటిన చోట చర్మం కాలి నల్లబడుతుంది. నూనె రాస్తే జిగురు పోతుంది గానీ ఆ నలుపు పోదు. నువ్వు చేతులు తిప్పి చూసి, "జిగురు లేదుగా, పదండి" అనేదానివి.

ఇంకో మాట. చెవులు పోయాక ఇంట్లో, షెడ్డులో, టీకొట్టులో, ఎక్కడికి పోయినా నేను చెవిటోణ్ణే. ఎవడైనా నవ్వితే నన్ను చూసే నవ్వాడేమో అనిపిస్తుంది. లైబ్రరీలో ఎవరూ మాట్లాడరు. అక్కడ అందరూ నాతో సమానం. అది పోతే నాకు కూర్చునే చోటు లేదు. ఇంతకంటే విడమర్చి రాయను, సిగ్గేస్తుంది.

వెంకటకృష్ణారావు నీ మాట వింటాడు. వాళ్ళమ్మాయికి కథల పుస్తకాలిచ్చి చదివించింది నువ్వే. అతనికి ఒక ఉత్తరం రాయి. తోటవాళ్ళని ఎప్పటిలాగే లోపలికి రానివ్వాలని, బల్ల ఉంచాలని. నేను పోయి అడగను. వాళ్ళ తోటలో పుట్టి పెరిగాను గానీ ఇంతవరకు ఆ గుమ్మంలో చెయ్యి చాపలేదు.

సవరయ్య


తాడేపల్లిగూడెం,
ఫిబ్రవరి 24.

బాబాయిగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మా తమ్ముడు డేవిడ్ రాజు తెచ్చి ఇచ్చాడు. "ఈ రోజుల్లో కూడా నీకు ఉత్తరాలు రాసేవాళ్ళున్నారా అక్కా, ఎవరతను?" అని ఆటపట్టించాడు. మా లైబ్రరీలో అందరికంటే మొండి పాఠకుడు అని చెప్పాను. "అభ్యంతరం" అన్న మాట తప్పు లేకుండా రాశారు. మీరు "అమ్మ" దిద్దడానికి పలకతో ఎంత యుద్ధం చేశారో నాకు గుర్తుంది.

మోకాళ్ళు అలాగే ఉన్నాయి. మెట్లు ఎక్కలేను, బస్సు మాట తలుచుకుంటేనే భయం. నూజివీడు రావాలని ఎంత ఉన్నా ఇప్పట్లో అయ్యేలా లేదు.

రావుగారికి రాస్తాను. కాస్త సమయం చూసి రాయాలి. పెద్దవాళ్ళు ఉత్సాహంగా ఒక పని మొదలుపెట్టినప్పుడు అడ్డం మాట్లాడితే మొదటికే మోసం వస్తుంది. మీరు తొందరపడి అక్కడ ఎవరితోనూ గొడవ పెట్టుకోకండి. మీ నోరు నాకు తెలుసు.

ఒక్కమాట అడుగుతాను, కోప్పడకండి. ఆ గది అందంగా ఉంటే మీకు మాత్రం ఇష్టం ఉండదా? వాన పడితే పుస్తకాలకి గొడుగు పట్టిన రోజులు మీరూ చూశారుగా.

రావుగారి అమ్మాయి హరిచందన హైదరాబాదులో ఇళ్ళ లోపలి అలంకరణ చదువుకుని వచ్చింది. లైబ్రరీ పని అంతా తనే చూస్తోందని విన్నాను. మీ దగ్గరికి రావచ్చు. మీరు కాయలు కోసిన పాత చిక్కం కర్ర ఒకటి కావాలట. ఉంటే ఇవ్వండి. మంచి పిల్ల.

పిన్నికి నా నమస్కారాలు చెప్పండి.

రిబ్కమ్మ


నూజివీడు,
మార్చి 15.

అమ్మాయ్,

నువ్వు చెప్పిన పిల్ల వచ్చింది. కారు మా సందులో పట్టక దూరాన దిగి నడిచొచ్చింది. మర్యాద ఉన్న పిల్లే. నేను మాట్లాడేది అందరికీ వినపడుతుంది, అందరూ మాట్లాడేది నాకు వినపడదు కాబట్టి మధ్యలో నాగేంద్రమ్మ నిలబడింది.

చిక్కం కర్ర దూలం మీదనుంచి దించాను. వెదురంతా నల్లగా నిగనిగలాడుతోంది. కాయ పడే వల చిరిగిపోయింది. ఆ పిల్ల దాన్ని చూసి రెండు చేతులూ బుగ్గలకి పెట్టుకుని ఏదో అంది.

"నీ కర్ర ఎంతో అందంగా ఉందంటుందయ్యా," అని నాగేంద్రమ్మ నా చెవిలో అరిచింది.

"అది అందం కాదు, నా చేతి సొన అని చెప్పు."

"నువ్వే చెప్పు. చెవులు పోయాయి గానీ నీకు నోరు పోలేదుగా."

చెప్పాను. ఆ పిల్ల నవ్వి ఫోనులో రాసి చూపించింది. పెద్ద అక్షరాలు పెట్టింది, నేను చదవగలిగాను. "ఆ నలుపే కావాలి తాతగారూ. అలాంటి రంగు ఎవరూ వెయ్యలేరు." ఇచ్చేశాను. బదులుగా ఏమైనా తీసుకోమంది. నేను అమ్మనని చెప్పాను. ఇన్నేళ్ళూ నా భుజం మీద ఉన్న కర్ర. ఎవరైనా దాచుకుంటానంటే దాచుకోనీ అనుకున్నాను.

మొన్న ఆ దారిన పోతూ తలుపు తీసి ఉంటే తొంగి చూశాను. నా కర్రని లోపల గోడకి అడ్డంగా కొట్టారు. కింద చిన్న దీపం పెట్టారు, దాని మీదే వెలుగు పడేట్టు. కాయలు మోసే వెదురుగంపలు బోర్లించి పైనుంచి వేలాడదీసి వాటిలో బల్బులు పెడుతున్నారు. బల్లలన్నీ తెల్లరాయి పలకలు. ఇంత పొడుగు మనిషిని గుమ్మంలో నిలబడ్డానా, లోపల పనిచేసేవాడు ఒకడు నా చేతులు చూసి "పక్కకి, పక్కకి" అని సైగ చేశాడు. కొత్తగా రంగు వేసిన తలుపుని ముట్టుకుంటానేమోనని వాడి భయం. నా కర్ర మీద నలుపు వాళ్ళకి అందం. అదే నలుపు నా చేతి మీద ఉంటే పక్కకి.

మన పొడుగు బల్ల ఎక్కడుందనుకున్నావు? మా ప్యాకింగ్ షెడ్డుకి వచ్చింది. దాని మీద ఇప్పుడు ప్లాస్టిక్ ట్రేలు పేరుస్తున్నారు. నేను దాన్ని చూసినప్పుడల్లా చుట్టం ఇంట్లో వంటపనికి కుదిరిన మనిషిని చూసినట్టు ఉంటుంది.

రావుకి రాశావా? రాస్తే ఏమన్నాడు? పిందె కాయ అవుతోంది. కోతలు మొదలైతే నాకు తీరిక ఉండదు.

సవరయ్య


తాడేపల్లిగూడెం,
మార్చి 29.

బాబాయిగారికి,

రావుగారితో మాట్లాడాను. చూద్దామన్నారు. వాళ్ళకీ ఇబ్బందులున్నాయి. గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ళకి ఫోటోలు బాగా రావాలి, కలెక్టరాఫీసు నుంచి ఎవరో వస్తారంటున్నారు. అందరినీ సమాధానపరుచుకుంటూ వెళ్ళాలి.

మీ కర్రకి మంచి చోటే దొరికింది కదా. దాన్ని అవమానం అనుకోకండి. రేపు పిల్లలు దాన్ని చూసి అదేమిటని అడుగుతారు. ఎవరో ఒకరు మీ పేరు చెబుతారు.

మీరు దీపాలు, బల్లలే చూశారు. ఆ తూర్పు గోడకి వేసిన పసుపు చూశారా? బంగినపల్లి పండు తొక్క రంగు. సాయంత్రం ఎండ కిటికీలోంచి ఆ గోడ మీద పడితే గదంతా వెలిగిపోతుంది. అలాంటి గదిలో కూర్చుని ఉద్యోగం చేసి ఉంటే నేను ఇంకో పదేళ్ళు చేసేదాన్ని.

ఇక్కడ ఎండలు ముదిరాయి. మీరు మధ్యాహ్నం షెడ్డులో కూర్చోకండి.

రిబ్కమ్మ


నూజివీడు,
ఏప్రిల్ 9.

శ్రీమతి రిబ్కమ్మగారికి, సవరయ్య రాయునది.

తూర్పు గోడకి పసుపు వేశారని నేను మీకు రాయలేదు. ఆ గోడకి పరదా కట్టి ఉంటే నేనే చూడలేదు. మీరు మాత్రం సాయంత్రపు ఎండలో చూశారు. బస్సు తలుచుకుంటేనే భయం అన్నారు. బస్సులో రాలేదు లెండి. నాగేంద్రమ్మ కూరగాయలకి పోయి, వెంకటకృష్ణారావు కారులోంచి మీరు దిగుతుంటే చూసింది. నాకు అప్పుడే చెప్పింది. "వచ్చిన మనిషి మన ఇంటికి రాకుండా పోతుందా, నీ కళ్ళు పోయాయి" అని నేనే దాన్ని కసిరాను. ఇవాళ దానికి నేను మొహం చూపించలేకపోతున్నాను.

ఇప్పుడు కార్డు కూడా వచ్చింది. షెడ్డు మేస్త్రీకి ఇచ్చారు, అతను నాకు చూపించాడు. మే 19 ప్రారంభం అని ఉంది. కమిటీ సభ్యుల పేర్లు వరసగా ఉన్నాయి. ప్రెసిడెంటు కింద పేరు మీదే. "గౌరవ సలహాదారు". ఆ మాట కూడబలుక్కుని చదవడానికి నాకు కొంచెం టైము పట్టింది. అర్థం చేసుకోవడానికి ఇంకొంచెం పట్టింది.

నేను ఎవరికి చెప్పమని మిమ్మల్ని అడిగానో ఆ మనిషి పక్క కుర్చీలో మీరే ఉన్నారు. బల్ల తీసెయ్యాలని అనుకున్నప్పుడు ఉన్నారు. నా కర్ర కావాలనుకున్నప్పుడు ఉన్నారు. నా ఉత్తరం చదివి ఎంత నవ్వుకుని ఉంటారో.

రాస్తానని మాటిచ్చారు. ఎవరికి రాస్తారు, మీకు మీరే రాసుకుంటారా?

సవరయ్య


తాడేపల్లిగూడెం,
ఏప్రిల్ 18.

బాబాయ్,

"మీరు" అని రాశారు. ఇన్నేళ్ళలో నన్ను మీరు అనలేదు. చెంప మీద కొట్టినా ఇంత ఉండేది కాదు.

అవును, కమిటీలో ఉన్నాను. డిసెంబరు నుంచీ ఉన్నాను. వచ్చాను, మీ ఇంటికి రాలేదు. వస్తే మీరు ఇదే అడుగుతారు, నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఉంది. వినండి, ఇది మీ చెవులకి కాకుండా కళ్ళకి చెప్పగలగడం మంచిదే అయింది.

నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ గోడల నెర్రెలు కనపడకుండా క్యాలెండర్లు తగిలించాను. మీరు చూసిన ఆ నీలం తలుపులకి రంగు నేను వేసుకున్నాను, ఎవరూ వెయ్యకపోతే. మీకు అది చల్లగా ఉండే పాత గది. నాకు అది చెదలు, కారే పెంకులు, ఎలకల వాసన. ఒక్కరోజైనా ఒక అందమైన గదికి నేను తాళం తీయాలని ఉండేది. రావుగారు పిలిచి "ఎలా ఉండాలో మీరు చెప్పండమ్మా" అన్నారు. నా బతుకులో ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు.

మీ చేతుల మాట కూడా చెబుతాను. మీ నలుపు అంటుకోదని నాకు తెలుసు. కానీ అందరూ మీలా నూనె రాసుకుని రాలేదు. తడి సొన అంటి పేజీలు పేజీలు కరుచుకుపోతే ఇంటికి తెచ్చుకుని బ్లేడుతో విడదీశాను. విడదీస్తుంటే అక్షరాలు ఊడొచ్చేవి. తనిఖీకి వచ్చినాయన ఆ పుస్తకం నా మొహం ముందు ఆడించి, "ఇది లైబ్రరీయా, కాయల కొట్టా?" అన్నాడు. ఆ సాయంత్రం మీరు వచ్చారు. నేను నవ్వుతూ నూనె సీసా అందించాను. మీకు ఆ నవ్వే గుర్తుంది.

ఇంకొకటి. నేను కొత్తగా వచ్చినప్పుడు ఆ గుమ్మంలో మంచినీళ్ళ కుండ పెట్టాను. రోజూ కడిగి నేనే నింపేదాన్ని. మీ పేటవాళ్ళు రెండేళ్ళు దాన్ని ముట్టలేదు. ఎండన పడి వచ్చి, కుండ పక్కనే నిలబడి, రోడ్డు దాటి టీకొట్టులో నీళ్ళు తాగొచ్చేవాళ్ళు. మీరూ ముట్టలేదు బాబాయ్. నేను ఎప్పుడైనా అన్నానా? అనలేదు. పలక తెచ్చి మీకు అక్షరాలు దిద్దించాను. కాబట్టి నేను మిమ్మల్ని చూసి నవ్వుకున్నానని మాత్రం అనకండి.

మీ కోసం అడగలేదనుకోకండి. వెనక వరండాలో తోటపని వాళ్ళ కోసం ఒక బెంచీ వేయించాను, ఫ్యాను పెట్టించాను. రోజు పేపర్లు అక్కడికి వస్తాయి. చేతులు కడుక్కోవడానికి కుళాయి ఉంది. ఇంతవరకు ఒప్పించడానికి నేను ఎన్నిసార్లు మాట్లాడానో మీకు తెలియదు.

ప్రారంభం రోజు రండి. నా పక్కన కూర్చోండి.

రిబ్కమ్మ


నూజివీడు,
ఏప్రిల్ 30.

రిబ్కమ్మా,

సరే, నువ్వనే రాస్తాను. మీరు అనడం నాకూ చేతకాలేదు, రాస్తుంటే వేళ్ళు వంకరపోయాయి.

కుండ సంగతి నిజం. ముట్టలేదు. తర్వాత ముట్టాను. ఎందుకు ముట్టలేదో నీకు తెలుసు. తర్వాత ఎందుకు ముట్టానో కూడా నీకు తెలుసు. ఆ రెండూ ఎవరూ ఎత్తకుండానే ఇన్నాళ్ళూ నడిచింది. ఇప్పుడు నువ్వు ఎత్తావు. ఎత్తడానికి నీకు హక్కుంది, నేను కాదనను. నన్ను క్షమించమని రాయమంటుంది నాగేంద్రమ్మ. నేను రాయను. అది కాగితం మీద రాస్తే సరిపోయే పని కాదు.

అంటుకున్న పేజీల సంగతి నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆ పని చేసినవాడి చెవులు నేనే పిండేవాణ్ణి.

కానీ ఒకటి చెప్పు. వేరే కుండ, వేరే గ్లాసు అంటే ఎలా ఉంటుందో ఈ పేటలో నీకంటే బాగా ఎవరికి తెలుసు? ముందు గుమ్మంలోంచి కొందరు, వెనక వరండాలోంచి కొందరు. ఫ్యాను పెట్టించానంటావు. వేరే గ్లాసు వెండిది ఇస్తే నువ్వు తాగుతావా? ఆ రావు వేయించి ఉంటే ఆ బెంచీని ఒక బూతుమాట అని ఊరుకునేవాణ్ణి. వాళ్ళకి తెలియదు. నువ్వు తెలిసి వేయించావు.

వరండాలోకి నేను రాను. షెడ్డులో అందరికీ చెప్పాను, ఎవరూ పోవద్దని. "నీకు చదువొచ్చు కాబట్టి పౌరుషం, మాకెందుకు" అని ఒకడు అన్నాడు.

కోతలు మొదలయ్యాయి. చేతులు మళ్ళీ బొగ్గులా ఉన్నాయి. ఇంత కోతల కాలంలో లైబ్రరీ తెరవాలని ఎవడికి తట్టిందో గానీ, గోడకి మామిడిపండు రంగు వేసుకున్నవాళ్ళకి కాయ ఎప్పుడు కోస్తారో తెలియలేదు.

ప్రారంభానికి పిలిచావు. నీ పక్కన కూర్చోమన్నావు. మిగతావాళ్ళు వెనక, నేను ఒక్కణ్ణి ముందా? అలాగైతే రాను.

సవరయ్య


తాడేపల్లిగూడెం,
మే 9.

బాబాయ్,

మీ ఉత్తరం పట్టుకుని కారు కోసం చూడకుండా బస్సెక్కి నూజివీడు వెళ్ళాను. మోకాళ్ళు వాచాయి. వాయనీ.

రావుగారి ముందు కూర్చుని చదివి వినిపించాను, బూతుమాట సంగతి తప్ప. వెండిగ్లాసు దగ్గర ఆయన తల దించుకున్నారు. హరిచందన ఏడ్చినంత పని చేసింది. వెనక బెంచీ తీయించేశాను. ఒకే గుమ్మం, అందరికీ అదే గది, అవే బల్లలు. గుమ్మంలో కొబ్బరినూనె సీసా మళ్ళీ పెట్టమన్నాను, పెట్టారు. ఎవరూ మిమ్మల్ని గానీ, మీ షెడ్డువాళ్ళని గానీ ఆపరు. ఈసారి నా మాట నమ్మండి.

మీరు గెలిచారు. కోపం లేదు. నాకు తట్టి ఉండాల్సింది, మీతో చెప్పించుకున్నాను.

పంతొమ్మిదో తేదీ, ఆదివారం పది గంటలకి. ముందు వరసలో కుర్చీ ఉంటుంది, మీ షెడ్డువాళ్ళకీ ఉంటాయి. మీరు రాకపోతే ఆ గది నాకు ఖాళీగానే ఉంటుంది.

రిబ్కమ్మ


నూజివీడు,
మే 22.

రిబ్కమ్మా,

ఆదివారం నేను మనసారా రాలేదని అనుకుంటున్నావు. వచ్చాను.

శనివారం షెడ్డుకి పోలేదు. కాయ ముమ్మరంగా దిగే రోజుల్లో పని మానడం నా ఒంట్లో లేదు, అయినా మానాను. నాగేంద్రమ్మ చింతపండు పెట్టి తోమింది, నూనె రాసింది, ఇటికపొడితో రుద్దింది. "ముసలి పెళ్ళికొడకా, కదలకుండా కూర్చో" అంది. తోలు ఊడింది గానీ నలుపు పోలేదు. పోకపోతే పోయిందిలే, రిబ్కమ్మ మాటిచ్చింది కదా అనుకుని ఉతికిన చొక్కా వేసుకుని పోయాను.

గుమ్మానికి మామిడాకుల తోరణం కట్టారు. దగ్గరికి పోయి చూస్తే ప్లాస్టిక్కుది. ఊరి చుట్టూ తోటలు పెట్టుకుని! అందరం కలిసి నవ్వుకోవాల్సిన సంగతి, ఎవరితో అనాలో తెలియక మింగాను.

లోపల అందంగా ఉంది. అబద్ధం ఎందుకు చెప్పాలి? గంపల సందుల్లోంచి వెలుతురు పడి నేలంతా చుక్కల ముగ్గు పెట్టినట్టుంది. నువ్వు రాసిన పసుపుగోడ ఉదయం పూట కూడా బాగుంది. గోడవారగా పొట్టి అరలు, పిల్లలకి అందేట్టు. ఒక చిన్నపిల్ల చాప మీద బోర్లా పడుకుని బొమ్మల పుస్తకం చూస్తోంది, మనుషులు ఇంతమంది ఉన్నారన్న ధ్యాసే లేదు దానికి. అది చూసి నీ మీద ఉన్నదంతా దిగిపోయింది. నువ్వు కోరుకున్నది తప్పు కాదు. నేను నీకు ఆ మాట చెబుదామనే చెప్పులు విప్పాను.

ఎవరూ ఆపలేదు. హరిచందన దణ్ణం పెట్టి లోపలికి చెయ్యి చూపించింది. నూనె సీసా ఉంది. నువ్వు మాట నిలబెట్టుకున్నావు.

చెప్పులు పక్కకి పెట్టి తల ఎత్తితే తలుపు పక్కన బోర్డు. తెల్లచెక్క మీద ఆకుపచ్చ అక్షరాలు, అంచు చుట్టూ పూత పూసిన కొమ్మలు. "చేతులకు మరకలు ఉన్నవారు పుస్తకాలను, బల్లలను తాకరాదు."

అది అచ్చు అక్షరాలు కాదు. నీ చేతిరాత. పెయింటరు పెద్దది చేశాడు, అంతే. నీ రాత నాకు తెలియదంటావా? నువ్వు పలక మీద రాసిస్తే, దాని మీదే బలపం తిప్పి తిప్పి నేర్చుకున్నవాణ్ణి. నీ రాతలో మలుపులన్నీ నా వేళ్ళకి తెలుసు. లోపల ఇంకా చాలా బోర్డులు అదే రాతలో ఉన్నాయి. నీ రాత అందంగా ఉంటుందని ఆ పిల్ల అడిగి ఉంటుంది, ఎప్పుడో రాసిచ్చి ఉంటావు. బెంచీ తీయించినప్పుడు ఇది గుర్తొచ్చి ఉండదు. అంతవరకు నేను నమ్ముతాను. ఆ మాట రాసేటప్పుడు నీ కళ్ళ ముందు ఎవరి చేతులున్నాయో మాత్రం నేను అడగను, నువ్వు చెప్పొద్దు.

నువ్వు లోపల ముందు వరసలో ఉన్నావు. నన్ను చూసి లేచావు. మోకాలు పట్టుకుని, చెయ్యి ఊపుతూ ఏదో అన్నావు. రమ్మని అని ఉంటావు. నాకు వినపడలేదు. నీ మాట వినపడటం లేదు, నీ రాత మాత్రం కనపడుతోంది. నేను వెనక్కి తిరిగాను.

అప్పుడే మా షెడ్డులో ట్రేలు మోసే ఆరోగ్యం వచ్చాడు. తెల్లవారుజామున లోడెత్తి తిన్నగా వచ్చినట్టున్నాడు, మోచేతుల దాకా నలుపే. అతనికి చదువు రాదు. బోర్డు కేసి చూసి, బొమ్మలు బాగున్నాయన్నట్టు నాకు సైగ చేసి, నూనె చేతులకి రాసుకుని లోపలికి పోయాడు. తెల్లరాతి బల్ల ముందు కూర్చుని రెండు చేతులూ దాని మీద పరిచి పెట్టుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరో కాఫీ కూడా ఇచ్చారు.

నువ్వు నాకు అక్షరాలు నేర్పకపోయి ఉంటే, నేనూ అతని పక్కన కూర్చుని తాగేవాణ్ణి.

సవరయ్య